అత్తగారి గదిలో గంజాయి

మా అత్తగారు పోయి మూడేళ్లు దాటినా ఇల్లు ఇంకా ఆవిడదే. ఉప్పు జాడీ ఆవిడ పెట్టిన చోటే ఉంటుంది. చీపురు ఆవిడ కొట్టిన మేకుకే వేలాడుతుంది. ఆ వంటింట్లో ముప్పై ఒక్క ఏళ్లుగా వండుతున్నది నేనే, కానీ మిరియాలు ఇప్పటికీ ఆవిడ లెక్క ప్రకారమే పడతాయి. నేను దేశానికి ఈశాన్య మూలన, లావో మాట్లాడే ఈశాన్ పల్లెటూరి పిల్లను. నది ఒడ్డున పాక్ నామ్ ఫో ఊళ్లో తాళ్లూ వలలూ అమ్మే చైనావాళ్లింటికి కోడలిగా వచ్చాను. వచ్చిన రోజునే ఆవిడ నన్ను పైనుంచి కిందదాకా చూసి, "ఈ లావో పిల్లకు గిన్నెలు తోమడం వచ్చా?" అని అడిగింది. నన్ను కాదు, కొడుకును. ఆ మాట నాకు ఇంతవరకూ అరగలేదు.

అలాగని ఆవిడను రాక్షసిని చెయ్యను. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పదకొండు రోజులు గంజి కాచి పోసింది, గిన్నెకో తిట్టు కలిపి. ఆఖరి ఏడాది మంచంలో ఉన్నప్పుడు ఆవిడకు ఒళ్లు తుడిచింది నేనే. అప్పుడు కూడా నీళ్లు వేడిగా ఉన్నాయనో చల్లగా ఉన్నాయనో ఏదో ఒకటి అనేది. సరిగ్గా ఉన్నాయని మాత్రం అనలేదు.

పోయిన ఏడాది దుకాణం మూసేశాం. వలలు కూడా జనం ఫోన్లో కొనుక్కుంటుంటే మా గుమ్మం ఎక్కేదెవరు? మా ఆయన కెంగ్ పొద్దున్నే గుడి అరుగు మీదికి చదరంగానికి వెళ్లిపోయేవాడు. మధ్యాహ్నం అన్నానికి వచ్చి, తిని, పడుకునేవాడు. మరి నేనేం చెయ్యాలి? తుడిచిన నేలనే మళ్లీ తుడవడం మొదలుపెట్టాను.

అప్పటికి చట్టం మారి ఏడాది అయింది. ఫోన్లో పేరు నమోదు చేసుకుంటే చాలు, ఎవరైనా ఇంట్లో గంజాయి మొక్క పెంచుకోవచ్చు. మా వీధి చివర ఫ్రే అనే అమ్మాయి బ్యాంకు ఉద్యోగం మానేసి గంజాయి దుకాణం పెట్టింది. వరసగా గాజు సీసాలు, హాయిగా ఏసీ. ఎండకు తట్టుకోలేక ఆ చల్లదనం కోసమే ఒకరోజు లోపలికి వెళ్లాను. తలుపు తెరవగానే వచ్చిన వాసనకు మా అమ్మ వంటిల్లు గుర్తొచ్చింది. మా పల్లెలో పెరటికొక మొక్క ఉండేది. రెండు లేత ఆకులు పడకపోతే మా అమ్మ దాన్ని కోడి పులుసు అనేదే కాదు. నా చిన్నప్పుడే పోలీసులొచ్చి అన్నీ పీకేశారు.

"ఏం కావాలి పెద్దమ్మా? నిద్రకా, నొప్పులకా?" అంది ఫ్రే.

"మొక్క కావాలి."

"మొక్కలమ్మను. గింజలిస్తాను. పెంచగలవా?"

"వరి పండించిన చేతులే ఇవి. నువ్వు పుట్టకముందు సంగతి."

"వరికి ఎండ దానంతటదే వస్తుంది. నీకు పెరడు లేదు, డాబా మీద ఎలుకలు. ఇంట్లో పెంచాలంటే ఎండ కూడా నువ్వే ఇవ్వాలి, గాలి నువ్వే ఇవ్వాలి. పొద్దు నువ్వే పొడిపించాలి, నువ్వే గుంకించాలి."

"ఈ ఇంట్లో ఇన్నాళ్లూ నేను చేసింది అదేగా," అన్నాను.

ఫ్రే నవ్వి, ఒక కాగితం మీద కావలసినవన్నీ రాసిచ్చింది. ఒక దీపం, గంట కొట్టినట్టు దాన్ని వెలిగించి ఆర్పే టైమరు, చిన్న ఫ్యాను, గోడలకు అంటించే వెండిరంగు కాగితం, గుడ్డ కుండీలు. "ఆకులు ఎవరైనా పెంచుతారు పెద్దమ్మా. పువ్వు పూయిస్తేనే పెంచినట్టు. నదిలో దీపాలు వదిలే లాయ్ క్రాథాంగ్ పండగ అయ్యాక వచ్చే ఆదివారం మన వీధుల్లో పెంచేవాళ్లందరూ తలా ఒక సీసా పట్టుకుని ఇక్కడికొస్తారు. నువ్వూ తీసుకురా," అంది.

ఎందుకో గాని, ఆ మాటకు నాకు చాలా సంతోషమేసింది. దారిలో చేపలమ్మికి చెప్పాను, పూలకొట్టావిడకు చెప్పాను, మందులషాపు వాడికీ చెప్పాను. ఇంటికొచ్చేసరికి వెనక్కి తగ్గే దారి లేకుండా చేసుకున్నాను.

చిక్కల్లా చోటు దగ్గర వచ్చింది. మాది రైలుపెట్టెలా పొడుగాటి ఇల్లు. ముందుగదిని పడమటెండ కాల్చేస్తుంది. వెనకంతా వంటిల్లు. కిటికీ లేని గది, చల్లగా ఉండేది, మేడ మీద మధ్యలో ఒక్కటే. అది అత్తగారు పడుకున్న గది. ఇప్పుడు అక్కడ గోడకు, పోయినవాళ్లకు మొక్కే పెద్దల పీట, దాని మీద ఆవిడ ఫొటో.

"ఆ గదా?" అన్నాడు కెంగ్. అన్నం గిన్నె కింద పెట్టేశాడు.

"పీట జోలికి వెళ్లను. అటు గోడ మీ అమ్మది, ఇటు గోడ నాది."

"ఉండు, అమ్మను అడిగొస్తాను."

మా ఆయన అడగడమంటే నాణేలతో. పెద్దల ముందు కూర్చుని రెండు నాణేలు ఎగరేస్తారు. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడితే సరేనన్నట్టు. రెండూ ఒకేలా పడితే ఇంకా సరే అననట్టు, మళ్లీ అడగాలి. మూడుసార్లకు మించి అడగకూడదు. మిగతా ఇళ్లలో పండగలప్పుడు, పెట్టిన నైవేద్యం తిన్నారో లేదో తెలుసుకోవడానికి ఎగరేస్తారు. మా ఇంట్లో ఫ్రిజ్ జరపాలన్నా ఎగరేస్తారు. ఆ ఫ్రిజ్ ఇప్పటికీ జరగలేదు.

కాసేపటికి కెంగ్ దిగొచ్చాడు. "ఒప్పుకుంది. ఒక్క పంటకే. పువ్వు రాకపోతే గది ఖాళీ చేసెయ్యాలి, మళ్లీ ఆ మాట ఎత్తకూడదు."

"నాణేలు ఇంత పొడుగు మాట్లాడతాయా?"

"ఒప్పుకుందన్నది అమ్మ. మిగతాది నేను."

సరే అన్నాను. గోడకు వెండికాగితం నేనే అంటించాను. ఒక మూల ముడతలు పడింది, పడనీ. పాత బట్టల స్టాండుకు దీపం కట్టాను. గింజలు నాలుగు, తడి టిష్యూలో చుట్టి రెండు పళ్లేల మధ్య పెట్టాను. మూడోరోజు పళ్లెం ఎత్తి చూస్తే తెల్లటి వేరు కొక్కెంలా తొంగిచూస్తోంది. యాభై ఎనిమిదేళ్లదాన్ని, మోకాళ్ల నొప్పులదాన్ని, మెట్లు దిగి పరిగెత్తుకెళ్లి గుడి అరుగు మీద చదరంగం మధ్యలో కెంగ్ ముక్కు కింద ఆ పళ్లెం పెట్టాను. ఆట పాడైందని అవతలివాడు గొణిగాడు. కెంగ్ మాత్రం కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

తప్పులు చెయ్యలేదని అనను. రోజుకు మూడుపూటలా నీళ్లు పోసి రెండు మొక్కల్ని చంపేశాను. "ఇది వరి కాదు పెద్దమ్మా, బురదలో నిలబెట్టకు," అని ఫ్రే తిట్టింది. "కుండీ ఎత్తి చూడు. తేలిగ్గా ఉంటేనే పొయ్యి." ఇంకోసారి దీపం మరీ కిందికి దించి చివుళ్లు మాడ్చాను. కానీ మిగిలిన రెండూ నన్ను క్షమించేశాయి. నెల తిరిగేసరికి మోకాలెత్తు, రెండో నెలకు నడుమెత్తు. పొద్దున్నే తలుపు తీస్తే ఆ వాసన మీదికొచ్చేది. అక్కడో ముక్కాలిపీట వేసుకుని కూర్చుని ఎండుటాకులు తుంచుతుంటే నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించేది. ఆ గదిలో అంత హాయిగా నేనెప్పుడూ కూర్చోలేదు.

తర్వాత పువ్వు పూయించే వంతు. అప్పటిదాకా ఎక్కువసేపు వెలుతురిచ్చాను, ఇక పన్నెండు గంటలు వెలుతురు, పన్నెండు గంటలు చీకటి. పగటి వేడికి దీపం వేడి కూడా తోడైతే మొక్కలు ఉడికిపోతాయని ఫ్రే చెప్పింది. అందుకని టైమరు తిప్పి పెట్టాను. సాయంత్రం ఏడు నుంచి పొద్దున్న ఏడు దాకా దీపం, మిగతాది చీకటి. మా మేడ మీద పగలే రాత్రయింది. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కాను. కింద తువ్వాలు పరిచాను. వెలుతురు చుక్క రాకూడదంటే రానివ్వలేదు.

ఇక రెండు వారాల్లో మొగ్గలన్నారు. రెండు వారాలయింది. మూడయింది. ఐదయింది. మొక్కలు పచ్చగా, బలంగా, చక్కగా ఆకులే వేస్తున్నాయి. చేపలమ్మి రోజూ నన్ను పేరుపెట్టి అడిగేది, "పూసిందా బువా?" అని. నేను దారి మార్చి అవతలి వీధిలో చేపలు కొనడం మొదలుపెట్టాను. ఒకరోజు కెంగ్, పాపం మంచి మనసుతోనే, "పువ్వు లేకపోతేనేం, ఆకులు బాగున్నాయిగా. గది ఖాళీ చెయ్యడానికి తొందరేం లేదులే," అన్నాడు. ఆ రోజు నేను అన్నం తినలేదు. మొక్కలకోసం కాదు. ఈ ఇంట్లో నా అంతట నేను మొదలుపెట్టినది ఒక్కటీ లేదు. ఇది ఒక్కటే. అదీ ఇలా అయ్యింది.

ఆఖరికి సిగ్గు విడిచి ఫ్రేను రమ్మన్నాను. పొద్దున పదింటికి, అంటే మొక్కల నడిరాత్రికి వచ్చింది. గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాం.

"కళ్లు అలవాటు పడనీ. కదలకు," అంది. కాసేపు నిలబడ్డాం. తర్వాత మెల్లిగా అడిగింది, "పెద్దమ్మా, అదేంటి?"

"ఏది?"

"అదే. ఎర్రగా వెలుగుతోందే."

"అది మా అత్తగారు."

ఫ్రే తలుపు తీసుకుని బయటికెళ్లి మెట్ల మీద కూలబడి, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఫొటోకు అటొకటి ఇటొకటి కొవ్వొత్తుల్లా చిన్న ఎర్ర బల్బులు. అవి మూడేళ్లుగా పగలూ రాత్రీ వెలుగుతూనే ఉన్నాయి. తువ్వాలు పరిచాను, గుడ్డలు కుక్కాను, తాళంచెవి కన్నానికి మైనం కూడా పెట్టాను గాని, ఆ బల్బులు నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. మా ఇళ్లలో పెద్దల ముందున్న దీపాన్ని దీపమని ఎవరు లెక్కేస్తారు?

"మొక్కకు అత్తా కోడలూ తెలీదు పెద్దమ్మా," అంది ఫ్రే కళ్లు తుడుచుకుంటూ. "దానికి వెలుతురంటే వెలుతురే. రాత్రయిందని నమ్మితేనే అది పూస్తుంది. ఇన్ని వారాలుగా నువ్వు దాన్ని నిద్రపోనివ్వలేదు. ఇవాళో రేపో ఆర్పెయ్యి, పండగనాటికి అందుకుంటావు. ఈ వారం దాటితే ఇక నన్నడక్కు."

ఆర్పెయ్యి అనడం తేలికే. ఫొటో మీద గుడ్డ కప్పుదామా అంటే, పోయినవాళ్ల ముఖం కప్పేది ఒక్కసారే, అది అయిపోయింది. పీటను వేరే చోటికి మార్చాలంటే గుడి పంతులు మంచిరోజు చూడాలి. కొత్త సంవత్సరం దాకా మంచిరోజు లేదు. ఇక మిగిలింది ఆ స్విచ్చు. దహనం చేసి వచ్చిన సాయంత్రం కెంగ్ తన చేత్తో వేసిన స్విచ్చు అది. ఒకసారి వరదకు మూడురోజులు కరెంటు పోతే, బ్యాటరీ లైటు పట్టుకుని ఆ పీట పక్కనే కూర్చున్నాడు మా ఆయన.

మధ్యాహ్నం అన్నాల దగ్గర చెప్పాను. అతను తినడం ఆపకుండా విన్నాడు.

"ఎన్ని గంటలు?"

"పన్నెండు. పగలే. సాయంత్రం ఏడింటికి మళ్లీ వేసేద్దాం."

"ఎన్నాళ్లు?"

"రెండు నెలలు."

ముద్ద గిన్నెలోనే పెట్టేశాడు. తర్వాత, "అమ్మకు చీకటంటే భయం బువా," అన్నాడు.

అది నాకూ తెలుసు. ఆఖరి రోజుల్లో లైటు తీస్తే చిన్నపిల్లలా చెయ్యి పట్టుకునేది. నా చేతిని కూడా పట్టుకుంది. నిజమే గాని, అప్పటికి నాకు కోపం ముంచుకొచ్చింది.

"మీ అమ్మకు చీకటి వద్దు, ఫ్రిజ్ జరపొద్దు, జాడీ కదపొద్దు. బతికుండగా సరే, పోయాక కూడా నేను ఆవిడ ఇంట్లో పనిమనిషినేనా? నేనేమైనా బంగారం అడిగానా, ఇల్లు రాసిమ్మన్నానా? నా చేత్తో నాటింది ఒక్కటి పుయ్యాలన్నాను. అంతేగా."

కెంగ్ గిన్నె తీసుకెళ్లి తనే కడిగి పెట్టాడు. ముప్పై ఏళ్లలో నేను చూడలేదు ఆ వింత. చేతులు తుడుచుకుంటూ, "అడుగుతాను," అన్నాడు.

నాకు ఆశేం లేదు. ఆవిడ ఏమంటుందో నాకు తెలుసు. నా వంక చూడకుండా కొడుకుతోనే అంటుంది కూడా.

సాయంత్రం నాలుగింటికి స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని, కమలాపండ్లు పెట్టి, అగరొత్తులు వెలిగించి పీట ముందు కూర్చున్నాడు. నేను అతని వెనక గుమ్మంలో నిలబడ్డాను. అతను మెల్లిగా అంతా చెప్పుకున్నాడు. మొక్కలని, రెండు నెలలని, పగలేనని. తర్వాత నాణేలు ఎగరేశాడు.

రెండూ బొమ్మలే.

"నవ్వుతోంది," అన్నాడు. అంటే ఇంకా ఏమీ చెప్పలేదన్నట్టు. మళ్లీ ఎగరేశాడు. రెండూ బొరుసులు. ఈసారి నాణేలు గబుక్కున ఏరుకున్నాడు. రెండు బొరుసులంటే కోపం.

మూడోసారి ఎగరెయ్యడానికి చాలాసేపు పట్టింది. నాణేలు పిడికిట్లో పెట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు. ఎగరేశాడు. ఒకటి అతని మోకాలి దగ్గరే పడింది. రెండోది దొర్లుకుంటూ వెళ్లి పెద్దమొక్క కుండీకి తగిలి వాలింది. నేను నిలబడ్డ చోటికి రెండూ కనబడుతున్నాయి. కుండీ దగ్గరిది బొరుసు. మోకాలి దగ్గరిదీ బొరుసే.

అయిపోయిందనుకున్నాను. గది ఎప్పుడు ఖాళీ చెయ్యాలా అని కూడా ఆలోచించాను.

కెంగ్ మోకాలి దగ్గరి నాణెం మీద అరచెయ్యి పెట్టాడు. అలాగే ఉంచాడు. ఈ మనిషి దుకాణంలో తాడు కొలిస్తే ఎప్పుడూ ఒక జానెడు ఎక్కువే ఇచ్చాడు గాని తక్కువ ఇవ్వలేదు. ఏడేళ్లప్పుడు టీకప్పు పగలగొట్టి, ఎవరూ చూడకపోయినా తనే వెళ్లి తల్లికి చెప్పి దెబ్బలు తిన్నవాడు. ఆ కథ ఆవిడే నాకు వందసార్లు చెప్పింది. ఆ అరచెయ్యి కొంచెం పైకి లేచింది. దాని కింద బొటనవేలు మెల్లిగా కదిలింది. చెయ్యి తీశాడు.

"ఒకటి బొమ్మ," అన్నాడు, వెనక్కి తిరగకుండా. "ఒకటి బొరుసు. అమ్మ సరేనంది."

మూడుసార్లు నేలకు నుదురానించి మొక్కాడు. మూడోసారి మామూలు కంటే చాలాసేపు లేవలేదు. లేచేసరికి చెవులు రెండూ ఎర్రబడి ఉన్నాయి. స్విచ్చు దగ్గరికి వెళ్లి, "ఏడింటికి వేసేస్తాలేమ్మా," అని చెప్పి ఆర్పేశాడు.

నేను వంటింట్లోకి వచ్చేశాను. చూశానని అతనికి చెప్పలేదు. చెప్తే అతని పరువేం కాను?

పందొమ్మిదో రోజున కణుపుల దగ్గర తెల్లటి వెంట్రుకల్లాంటివి కనబడ్డాయి. భూతద్దం పెట్టి చూసి మరీ నమ్మాను. తర్వాతంతా పండగే. మొగ్గలు లావెక్కాయి, జిగురు పట్టాయి, ముట్టుకుంటే వేళ్లకు వాసన రెండు రోజులు పోయేది కాదు. చేపలమ్మి దగ్గరికి మళ్లీ వెళ్లడం మొదలుపెట్టాను, అడక్కుండానే చెప్పేదాన్ని. రోజూ సాయంత్రం ఏడింటికి కెంగ్ మేడెక్కి అమ్మ బల్బులు వేసేవాడు. అదే నిమిషానికి మొక్కల దీపమూ వెలిగేది. కాసేపు అక్కడే కూర్చుని వచ్చేవాడు. ఒకసారి ఎండుటాకులు తుంచుతూ దొరికిపోయాడు.

కోసి, తలకిందులుగా వేలాడదీసి, ఆరబెట్టి, సీసాలో పెట్టి ఆ ఆదివారం ఫ్రే దుకాణానికి పట్టుకెళ్లాను. పదకొండు మంది సీసాలు వరసగా పెట్టారు. ఫ్రే నా సీసా మూత తీసి వాసన చూసి, కళ్లు మూసుకుని, "కమలాపండు వాసన. అడుగున అగరొత్తులు," అంది. అందరూ తలా ఒకసారి ముక్కు పెట్టి చూశారు. ఒక ముసలాయన, ఇరవై మొక్కలు పెంచేవాడు, "ఇది మొదటి పంటా?" అని రెండుసార్లు అడిగాడు. నేను రెండుసార్లూ అవునన్నాను. ఇంటిదాకా నేల మీద నడిచానో లేదో నాకు గుర్తులేదు.

ఆ సాయంత్రమే దాచిన ఆకులు వేసి కోడి పులుసు పెట్టాను, మా అమ్మ పెట్టినట్టు, మిరియాలు నా లెక్కన వేసి. మొదటి గిన్నె తీసుకెళ్లి అత్తగారి పీట మీద పెట్టాను. ఆవిడ బతికుండగా ఈ లావో పులుసు ముట్టేది కాదు. అగరొత్తులు సగం కాలాక కెంగ్‌తో అన్నాను, "ఎగరెయ్యి మరి. తిందో లేదో అడుగు."

అతను జేబులోంచి నాణేలు తియ్యలేదు.

"వద్దులే. నేను అడిగితే ఇంక జవాబిస్తుందో లేదో."

"ఎందుకివ్వదు?"

"నీకు తెలుసుగా."

"నాకేం తెలుసు?" అన్నాను.

కెంగ్ ఫొటో వైపే చూస్తూ అన్నాడు, "నువ్వు గుమ్మంలోనే ఉన్నావని నాకు తెలుసు బువా. నీకు కనబడాలనే నాణెం మెల్లిగా తిప్పాను."

ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. తర్వాత పులుసు చల్లారిపోతోందని చెప్పి, కిందికెళ్లి ఇద్దరికీ వడ్డించాను.